ఫాస్ఫేటు కరువులో ఈ. కోలై జన్యువులు ఎలా స్పందిస్తాయో ప్రయోగశాలలో చూసే పద్ధతి

ఫాస్ఫేటు తగ్గితే బ్యాక్టీరియా దాన్ని నిల్వ చేసుకుంటుందని విద్యార్థుల నోట్సుల్లో తరచూ ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యం సగమే నిజం. కరువు నడుస్తుండగా ఎవరి గాదె నిండదు. కరువులో చేసే పని గింజ ఎక్కడుందా అని వెతకడం, గాదె నిండేది మళ్లీ పంట చేతికి వచ్చినప్పుడు. బ్యాక్టీరియాలోనూ ఫాస్ఫేటును వెతికి తెచ్చే జన్యువులు ఒక సమయంలో పనిచేస్తాయి, నిల్వ మరో సమయంలో పేరుకుంటుంది, కానీ ఆ రెండు పనులకూ ఒకే స్విచ్‌తో సంబంధం ఉంటుంది. అందువల్ల ఎక్కువ ఫాస్ఫేటు ఉన్న గొట్టం ఒకటి, తక్కువ ఉన్న గొట్టం ఒకటి పెట్టి మర్నాడు పోల్చి చూస్తే అసలు విషయం కనబడదు; కాలంతో పాటు నమూనాలు తీస్తూ, ఒకే ఫ్లాస్కు నుంచి మూడు నాలుగు కొలతలు కొలిస్తేనే కనబడుతుంది. ఎం.ఎస్సీ. స్థాయి విద్యార్థులు సాధారణ పరికరాలతో ఆ పని ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ప్రయోగానికి ఎంచుకున్న జీవి ఈ. కోలై కే-12. ఇది రోగకారకం కాదు, దాని ఫాస్ఫేటు స్విచ్ గురించి ఆరు దశాబ్దాలకు పైబడిన పరిశోధన ఉంది.

ముందుగా యంత్రాంగం

ఈ. కోలై ఫాస్ఫేటును ప్రధానంగా రెండు దారుల్లో లోపలికి తెచ్చుకుంటుంది. ఫాస్ఫేటు పుష్కలంగా ఉన్నప్పుడు పిట్ అనే రవాణా ప్రోటీను సరిపోతుంది. దానికి ఫాస్ఫేటు మీద పట్టు తక్కువ, పదుల మైక్రోమోలార్ల గాఢత ఉంటేనే అది బాగా పనిచేస్తుంది. రెండో దారి పేరు పీఎస్‌టీ. ఇందులో నాలుగు రకాల ప్రోటీన్లు ఉంటాయి. పీఎస్‌టీ-ఎస్ బయటి పొరకూ లోపలి పొరకూ నడుమ ఉన్న పెరిప్లాజంలో తిరుగుతూ ఫాస్ఫేటును పట్టుకుంటుంది. పీఎస్‌టీ-సీ, పీఎస్‌టీ-ఏ కలిసి లోపలి పొరలో దారి కడతాయి. పీఎస్‌టీ-బీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఖర్చు చేసి ఆ ఫాస్ఫేటును లోపలికి నెడుతుంది. ఈ దారికి ఉన్న పట్టు ఎంత గట్టిదంటే, మైక్రోమోలార్‌లో ఐదో వంతు గాఢత దగ్గర కూడా ఇది సగం వేగంతో పనిచేస్తుంది.

కణాలను పెంచే ద్రావణంలో, అంటే మీడియంలో, ఫాస్ఫేటు సుమారు 4 మైక్రోమోలార్ల కంటే దిగువకు పడిపోయినప్పుడు స్విచ్ పడుతుంది. లోపలి పొరలో ఉండే ఫో-ఆర్ అనే ప్రోటీను తనలోని 213వ స్థానపు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలించుకుని, దాన్ని ఫో-బీ అనే ప్రోటీనులోని 54వ స్థానపు ఆస్పార్టేటుకు అందిస్తుంది. అలా చురుకైన ఫో-బీ అణువులు జంటగా చేరి, జన్యువుల ముందుండే ఫో బాక్స్ అనే 18 అక్షరాల డీఎన్ఏ వరుస మీద కూర్చుని, ఆర్ఎన్ఏ పాలిమరేజును అక్కడికి రప్పిస్తాయి. ఆ వరుసలో సీటీజీటీసీఏటీని పోలిన ఏడక్షరాల పదం రెండుసార్లు, నడుమ నాలుగక్షరాల ఎడంతో వస్తుంది. దీని అదుపులో ఉన్న జన్యువుల సమూహాన్ని ఫో రెగ్యులాన్ అంటారు. సేంద్రియ అణువుల నుంచి ఫాస్ఫేటును కోసి తీసే ఆల్కలైన్ ఫాస్ఫటేజు జన్యువు ఫో-ఏ, బయటి పొరలో ద్వారం కట్టే ఫో-ఈ, గ్లిసరాల్ ఫాస్ఫేటును తెచ్చే యూజీపీ జన్యువులు, ఫాస్ఫొనేట్లను వాడుకునే పీహెచ్ఎన్ జన్యువులు, పీఎస్‌టీ జన్యువులు, వాటి వెంటనే ఉండే ఫో-యూ, చివరికి ఫో-బీ, ఫో-ఆర్ కూడా ఇందులోనే ఉన్నాయి. అంటే స్విచ్ ఒకసారి పడితే తన బలాన్ని తానే పెంచుకుంటుంది.

ఫాస్ఫేటు సమృద్ధిగా ఉన్నప్పుడు ఇదే ఫో-ఆర్ తిరుగు పని చేస్తుంది. ఫో-బీ మీది ఫాస్ఫేటును ఊడదీస్తుంది. ఆ పనిలో దాన్ని నిలిపి ఉంచేవి పీఎస్‌టీ, ఫో-యూ ప్రోటీన్లు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తు పెట్టుకోవాలి. ఈ కణం కొలిచేది తన లోపల ఉన్న ఫాస్ఫేటు నిల్వను కాదు, పీఎస్‌టీ ద్వారం దగ్గర ఫాస్ఫేటు అందుతున్న తీరును. పీఎస్‌టీ జన్యువు పోయిన రకాన్ని ఫాస్ఫేటు దండిగా ఉన్న మీడియంలో పెంచినా, అది పిట్ దారిలో తెచ్చుకుని హాయిగా పెరుగుతున్నా, దాని స్విచ్ మాత్రం వేసే ఉంటుంది. తలుపు దగ్గర కావలివాడు లేకపోతే ఇంట్లో ఎంత ధాన్యమున్నా కరువు వచ్చినట్టే కణం ప్రవర్తిస్తుంది. ఈ ఒక్క ఫలితాన్ని స్వయంగా చూడడం కోసమైనా ఈ ప్రయోగం చేయవచ్చునని నా అభిప్రాయం.

నిల్వ సంగతికి వస్తే, బ్యాక్టీరియా ఫాస్ఫేటును పాలీఫాస్ఫేటు రూపంలో దాచుకుంటుంది. పదుల నుంచి వందల ఫాస్ఫేట్లు గొలుసుగా అల్లుకున్న అణువు ఇది. ఏటీపీ చివరి ఫాస్ఫేటును తీసి ఈ గొలుసు అల్లే ఎంజైము పాలీఫాస్ఫేటు కైనేజు. దీన్ని ఆర్థర్ కోర్న్‌బర్గ్ బృందం 1956లో వెల్లడించింది. గొలుసును కొసల నుంచి తుంచేది ఎక్సోపాలీఫాస్ఫటేజు. ఈ. కోలైలో వీటి జన్యువులు పీపీకే, పీపీఎక్స్‌లు ఒకే ఆపెరాన్‌లో, అంటే కలిసి చదవబడే జన్యువుల గుంపులో, పక్కపక్కనే ఉంటాయి. క్లెబ్సియెల్లాలో పీపీకే ముందు ఫో బాక్స్ ఉంది, అక్కడ నిల్వ జన్యువును ఫో-బీ నేరుగా నడుపుతుంది. ఆకలితో ఉన్న ఆ జాతి కణాలకు ఫాస్ఫేటు తిరిగి ఇస్తే అవి అవసరానికి మించి పాలీఫాస్ఫేటును పోగు చేసుకుంటాయని 1960లలోనే ఫ్రాంక్లిన్ హెరాల్డ్ చూపించారు. కరువు కాలంలో సిద్ధమైన పీఎస్‌టీ ద్వారాలు, కైనేజు అణువులు ఫాస్ఫేటు తిరిగి రాగానే ఒక్కసారిగా పనిలోకి దిగడమే దానికి కారణం. ఈ. కోలైలో కథ కొంత వేరు. బాగా పెరుగుతున్న కణాల్లో పాలీఫాస్ఫేటు అతి తక్కువగా ఉంటుంది. పుష్టికరమైన మీడియం నుంచి లవణాలు, గ్లూకోజు మాత్రమే ఉండే కనీస మీడియంలోకి మార్చినప్పుడు రెండు గంటల లోపే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు ఫో-బీ కావాలి. ఫో-యూ పోయిన కణాలైతే అదుపు లేకుండా ఫాస్ఫేటును లోపలికి లాగి పాలీఫాస్ఫేటు కుప్పలు వేసుకుంటాయి.

ఏ రకాలను తీసుకోవాలి

జపానులో తయారైన కెయో సేకరణకు మాతృక అయిన బీడబ్ల్యూ25113 రకాన్ని మూల రకంగా తీసుకోవడం మేలు. ఆ సేకరణలోనే ఫో-బీ, పీఎస్‌టీ-ఎస్, పీపీకే జన్యువులు ఒక్కొక్కటిగా తొలగించిన రకాలు ఉన్నాయి. ఫో-బీ లేని రకంలో స్విచ్ ఎప్పుడూ పడదు, పీఎస్‌టీ-ఎస్ లేనిదానిలో ఎప్పుడూ వేసే ఉంటుంది, పీపీకే లేనిదానిలో పాలీఫాస్ఫేటు ఉండదు. ఈ మూడూ పక్కన ఉంటే మీ కొలత నిజంగా కొలవాల్సినదాన్నే కొలుస్తోందా లేదా అన్నది ఏ రోజుకారోజు తేలిపోతుంది.

ప్రయోగశాల ఫ్రీజరులో ఏది ముందు కనబడితే ఆ రకాన్ని తీయకండి. నేను మొదటిసారి ఈ ప్రయోగం చేసినప్పుడు అలాగే డీహెచ్5 ఆల్ఫా రకాన్ని వాడాను. కణాలు ఆకలితో ఆగిపోయాయి, మీడియంలో ఫాస్ఫేటు అడుగంటింది, కానీ ఎంజైము పరీక్షలో గొట్టాలన్నీ నీళ్లలా తెల్లగానే ఉండిపోయాయి. మూడు రోజులు బఫర్లు మళ్లీ మళ్లీ చేసుకున్నాక, ఆ రకపు జన్యు వివరాల వరుసను అక్షరం అక్షరం చదివితే అందులో ఫో-ఏ అని స్పష్టంగా రాసి ఉంది. ప్లాస్మిడ్ పనులకు అందరూ వాడే ఆ రకంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజు జన్యువే దెబ్బతిని ఉంటుంది. పోషక కరువు సంకేతాన్ని పుట్టించే రెల్-ఏ జన్యువులో లోపం కూడా అందులో ఉంది కాబట్టి పోషక కరువుకు స్పందన చూడడానికి అది మరో విధంగానూ తగదు.

గాజు సామాను, మీడియం

ఈ ప్రయోగంలో చేతికి చిక్కని శత్రువు బయటి నుంచి వచ్చే ఫాస్ఫేటు. డిటర్జెంటు పొడుల్లో కొన్నిటిలో ఫాస్ఫేటు ఉంటుంది. అది గాజుకు అంటుకుని మామూలు కడుగుడుకు పోదు. ఫ్లాస్కులను, సీసాలను 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, డిస్టిల్డ్ వాటరుతో ఐదారుసార్లు తొలిచి వాడాలి. ఈ పని కోసం కొన్ని ఫ్లాస్కులను విడిగా గుర్తు పెట్టి ఉంచుకుంటే ప్రతిసారీ సందేహపడే పని ఉండదు.

మీడియం ఎంపికలో అందరూ వాడే ఎం9 అనే కనీస మీడియం పనికిరాదు. అందులో బఫరు పని చేసేదే ఫాస్ఫేటు. దాని గాఢత 70 మిల్లీమోలార్ల దాకా ఉంటుంది. దాని బదులు 1974లో నైడ్‌హార్ట్, బ్లాక్, స్మిత్‌లు రూపొందించిన మాప్స్ కనీస మీడియంను వాడాలి. అందులో ఫాస్ఫేటు లేని బఫరైన మాప్స్ 40 మిల్లీమోలార్లు, 4 మిల్లీమోలార్ల ట్రైసిన్, 9.5 మిల్లీమోలార్ల అమ్మోనియం క్లోరైడు, 50 మిల్లీమోలార్ల సోడియం క్లోరైడు, అర మిల్లీమోలారుకు కాస్త ఎక్కువగా మెగ్నీషియం క్లోరైడు, కొద్ది పాళ్లలో సల్ఫేటు, ఇనుము, కాల్షియం, సూక్ష్మ లోహాలు ఉంటాయి. సూక్ష్మ లోహాల్లో జింకును మరవకూడదు, ఎందుకంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజు పనిచేయడానికి జింకు, మెగ్నీషియం రెండూ కావాలి. ఫాస్ఫేటును మాత్రం విడిగా, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేటు రూపంలో కలుపుతాము కాబట్టి దాని గాఢత పూర్తిగా మన చేతిలో ఉంటుంది. 0.2 శాతం గ్లూకోజు కలిపి, ఒక సగానికి 2 మిల్లీమోలార్ల ఫాస్ఫేటు, మరో సగానికి 0.1 మిల్లీమోలారు కలపండి. తక్కువ ఫాస్ఫేటు ఉన్నదానిలో పొటాషియం లోటు రాకుండా పొటాషియం క్లోరైడుతో సరిచేయాలి. లేకపోతే మీరు చూసే తేడా ఫాస్ఫేటుదా పొటాషియందా అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఈ అంకెలు ఎందుకో ఒకసారి లెక్క వేసి చూడడం మంచిది. 0.1 మిల్లీమోలారు ఫాస్ఫేటు అంటే లీటరుకు 3.1 మిల్లీగ్రాముల భాస్వరం. ఈ. కోలై పొడి బరువులో భాస్వరం సుమారు 3 శాతం. కాబట్టి ఆ భాస్వరంతో లీటరుకు దాదాపు 100 మిల్లీగ్రాముల కణాలు తయారవుతాయి. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చరు మసకను, అంటే కణాల సాంద్రతను చూపే రీడింగు) 1 అంటే లీటరుకు సుమారు 350 నుంచి 400 మిల్లీగ్రాముల పొడి బరువు కనుక, ఓడీ 0.3 ప్రాంతంలో ఫాస్ఫేటు అయిపోవాలి. ఆ తరువాత కూడా కణాలు ఉన్నదాన్నే సర్దుకుని కొంతవరకు నెమ్మదిగా పెరుగుతాయి. 0.2 శాతం గ్లూకోజు మాత్రం ఓడీ 2 దాటేదాకా సరిపోతుంది. అంటే తక్కువ ఫాస్ఫేటు ఫ్లాస్కులో ముందుగా అయిపోయేది ఫాస్ఫేటే, గ్లూకోజు కాదు. 2 మిల్లీమోలార్ల ఫ్లాస్కులో ముందుగా అయిపోయేది గ్లూకోజు. మీ ఫ్లాస్కులో ఓడీ 0.3 దాటి 0.8, 1 వైపు ఆగకుండా పోతుంటే గాజులోనో నీటిలోనో ఫాస్ఫేటు చొరబడిందని అర్థం.

పెంచడం, నమూనాలు తీయడం

సాయంత్రం 2 మిల్లీమోలార్ల ఫాస్ఫేటు ఉన్న మాప్స్ మీడియంలో కణాలను వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఊపుతూ ఉంచండి. ఉదయం వాటిని సెంట్రిఫ్యూజులో దించి, ఫాస్ఫేటు లేని మాప్స్ మీడియంతో రెండుసార్లు కడగండి. చేతి అలవాటు కొద్దీ పీబీఎస్ అనే ఫాస్ఫేటు బఫరు ఉప్పునీటితో కడిగేవారు ఉంటారు; పీబీఎస్‌లో ఉన్నది ఫాస్ఫేటే కాబట్టి ఇక్కడ అది ప్రయోగాన్ని మొదట్లోనే చెడగొడుతుంది. కడిగిన కణాలను రెండు మీడియంలలోనూ ఓడీ 0.03 దగ్గర మొదలుపెట్టి, 250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. చొప్పున పెంచండి.

మొదట గంటకొకసారి, తక్కువ ఫాస్ఫేటు ఫ్లాస్కులో ఓడీ 0.2 దాటాక పావుగంటకొకసారి నమూనా తీయాలి. ఈ పావుగంటల కాలమే ప్రయోగానికి ప్రాణం. ఓడీ గీత వంగే ముందూ వంగిన తరువాతా ఏం జరిగిందో ఆ ఐదారు నమూనాలే చెబుతాయి, కనుక భోజనానికి వెళ్లే వేళను దానికి తగ్గట్టు ముందే సర్దుకోండి. ప్రతి నమూనాను వెంటనే మంచులో పెట్టి, ఒక భాగాన్ని సెంట్రిఫ్యూజు చేసి పైతేటను ఫాస్ఫేటు కొలతకు, అడుగున దిగిన కణాలను ఎంజైము పరీక్షకు ఉంచుకోవాలి.

మీడియంలో మిగిలిన ఫాస్ఫేటు

ఈ కొలతకు మన కళాశాలల్లో ఇప్పటికీ నేర్పే పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆ కొలతను చేతిలో పెట్టుకునే వారిద్దరూ ఆ తరువాతి ఏళ్లలో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించారు. ఫాస్ఫేటును ఖచ్చితంగా కొలవగలగడం జీవశాస్త్రంలో ఎంత దూరం తీసుకుపోయిందో తలచుకుంటే, ఈ రోజు ఒక విద్యార్థి అదే నీలి రంగుతో బ్యాక్టీరియా ఆకలిని కొలవడం నాకు ఎంతో తృప్తినిస్తుంది.

ఆమ్ల ద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేటు ఫాస్ఫేటుతో కలిసి ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం అవుతుంది. ఏఎన్ఎస్ఏ (అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం) రీయేజెంటు దాన్ని క్షయకరణం చేయగా నీలి రంగు వస్తుంది. ఆ రంగును 660 నానోమీటర్ల దగ్గర చదవాలి. ప్రమాణ ద్రావణాలను నీటిలో కాక ఫాస్ఫేటు లేని మాప్స్ మీడియంలోనే చేసుకోండి, అప్పుడు మీడియంలోని ఇతర పదార్థాల ప్రభావం ప్రమాణాల్లోనూ నమూనాల్లోనూ సమానంగా ఉంటుంది. ఈ పద్ధతి తొలి గంటల నమూనాలకు చాలు. గాఢత పది మైక్రోమోలార్ల లోపుకు దిగాక మాత్రం ఇంతకంటే సున్నితమైన మాలకైట్ గ్రీన్ పద్ధతికో, 1962 నాటి మర్ఫీ-రైలీ ఆస్కార్బిక్ ఆమ్ల పద్ధతికో మారాలి. రెండోదానిలో నీలి రంగు 880 నానోమీటర్ల దగ్గర బలంగా ఉంటుంది కాబట్టి మీ స్పెక్ట్రోఫోటోమీటరు అంతవరకు చదువుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజు పరీక్ష

ఫాస్ఫేటు ఉంటే ఈ ఎంజైము తయారు కాదని హొరియుచి బృందం 1959లోనూ, అన్నామరియా టొర్రియాని 1960లోనూ చూపించారు. నేటికీ స్విచ్ స్థితిని చూపే అతి చవకైన, నమ్మదగిన గుర్తు ఇదే.

దించిన కణాలను పీహెచ్ 8.0 ఉన్న 1 మోలార్ ట్రిస్ బఫరులో ఒకసారి కడిగి, మళ్లీ అదే బఫరులో కలిపి ఓడీ చూసుకోండి. ఇక్కడ కడగడం తప్పనిసరి. ఫాస్ఫేటు ఈ ఎంజైమును అడ్డుకుంటుంది, కాబట్టి 2 మిల్లీమోలార్ల మీడియం కాస్త మిగిలినా ఎంజైము ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. ఆకలితో ఉన్న కణాలైతే 0.1 మి.లీ., నిండుగా తిన్న కణాలైతే 0.5 మి.లీ. తీసుకుని, అదే బఫరుతో 1 మి.లీ. చేయండి. ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు 0.1 శాతం ద్రావణం ఒక చుక్క, క్లోరోఫాం రెండు చుక్కలు వేసి వోర్టెక్సు మీద తిప్పి ఐదు నిమిషాలు ఉంచితే బయటి పొర సడలి, పెరిప్లాజంలోని ఎంజైముకు లోపలికి వచ్చే పదార్థం అందుతుంది. క్లోరోఫాంతో చేసే పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి.

తరువాత 0.4 శాతం పారా నైట్రోఫీనైల్ ఫాస్ఫేటు ద్రావణం 0.1 మి.లీ. కలిపి ఆ క్షణాన్ని నిమిషం, సెకను సహా రాసుకోవాలి. ఎంజైము ఫాస్ఫేటును కోసేయగానే మిగిలే నైట్రోఫీనాల్ పసుపు రంగు ఇస్తుంది. ఆకలితో ఉన్న గొట్టాల్లో ముందు లేత నిమ్మపండు ఛాయ, ఆ తరువాత చూస్తుండగానే చామంతి పసుపు వస్తుంది. పక్కనే ఉన్న నిండు ఫాస్ఫేటు గొట్టం గంట గడిచినా రంగు మారదు. పసుపు స్పష్టంగా రాగానే 1 మోలార్ డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేటు 0.1 మి.లీ. వేసి ఆపాలి. ఇంతదాకా మనం దూరంగా పెట్టిన ఫాస్ఫేటే ఇక్కడ ఎంజైమును ఆపే సాధనం అవుతుంది. ఆపిన సమయం కూడా రాసుకుని, గొట్టాన్ని సెంట్రిఫ్యూజు చేసి, 420, 550 నానోమీటర్ల దగ్గర చదవండి.

లెక్క ఇలా వేయాలి. 550 దగ్గరి రీడింగును 1.75తో గుణించి 420 దగ్గరి రీడింగులోంచి తీసివేసి, వచ్చినదాన్ని 1000తో గుణించి, నిమిషాలు, వాడిన పరిమాణం మి.లీ.లలో, ఓడీ అనే మూడింటి లబ్ధంతో భాగించాలి. లెక్క నేర్చుకోవడానికి ఒక ఉదాహరణ: 420 దగ్గర 0.62, 550 దగ్గర 0.04, సమయం 20 నిమిషాలు, పరిమాణం 0.1 మి.లీ., ఓడీ 0.4 అనుకుంటే, 0.62లోంచి 0.07 పోగా 0.55, దాన్ని 1000తో గుణిస్తే 550, కింద 0.8, ఫలితం సుమారు 688 యూనిట్లు. స్విచ్ పడినప్పుడు ఈ ఎంజైము వంద రెట్లకు పైగా పెరుగుతుంది కాబట్టి, రెండు ఫ్లాస్కుల మధ్య తేడా రెండు మూడు రెట్లే వస్తే దాన్ని ఫలితంగా కాక ఏదో పొరపాటు జరిగిందన్న హెచ్చరికగా తీసుకోండి.

ఫాస్ఫేటు తిరిగి ఇవ్వడం

ఓడీ ఆగిపోయి గంట గడిచాక ఆకలి ఫ్లాస్కును రెండుగా విభజించి, ఒకదానికి ప్రతి 10 మి.లీ.లకు 1 మోలార్ ఫాస్ఫేటు 10 మైక్రోలీటర్లు కలపండి. గాఢత 1 మిల్లీమోలారు అవుతుంది. గ్లూకోజు ఇంకా మిగిలే ఉంది కనుక కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. ఆ తరువాత రెండు గంటల పాటు పావుగంటకొకటి చొప్పున నమూనాలు తీయండి.

ఇక్కడ చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఫాస్ఫేటు ఇచ్చిన తరువాత కూడా ఎంజైము పరీక్షలో పసుపు రంగు గట్టిగానే వస్తుంది. దాంతో స్విచ్ ఆగలేదని రాసేస్తారు. స్విచ్ ఆగింది, కొత్త ఎంజైము తయారీ ఆగింది, కానీ అంతకు ముందు తయారైన ఎంజైము చాలా స్థిరమైనది, అది అంత తొందరగా పోదు. అందువల్ల ఒక మి.లీ. కల్చరులోని మొత్తం ఎంజైము దాదాపు అలాగే నిలిచి, ఓడీకి చొప్పున లెక్కిస్తే కణాలు రెట్టింపైన ప్రతిసారీ సగానికి దిగుతుంది. రెండు లెక్కలనూ ఒకే గ్రాఫు మీద గీయండి. ఒక గీత అడ్డంగా సాగిపోతూ, మరొకటి దిగుతూ ఉంటే స్విచ్ ఆగినట్టే. ఫాస్ఫేటు ఇవ్వని సగంలో రెండు గీతలూ ఇంకా పైకే పోతుంటాయి.

నిల్వను చూడడం

ఈ. కోలైలో పాలీఫాస్ఫేటు కోసం మరో ఫ్లాస్కు పెట్టాలి. కణాలను ఎల్‌బీ అనే పుష్టికరమైన మీడియంలో ఓడీ 0.2 నుంచి 0.4 దాకా పెంచి, సగం నమూనా తీసి, మిగతావాటిని 0.9 శాతం ఉప్పు నీటితో కడిగి, 0.4 శాతం గ్లూకోజు, 0.1 మిల్లీమోలారు ఫాస్ఫేటు ఉన్న మాప్స్ మీడియంలోకి మార్చి రెండు గంటలు ఊపండి. మార్పుకు ముందు, తరువాత తీసిన నమూనాలను పోల్చాలి. ఇక్కడ అసలు దెబ్బ ఎల్‌బీలో సిద్ధంగా దొరికే అమైనో ఆమ్లాలు ఒక్కసారిగా లేకుండా పోవడం. పాలీఫాస్ఫేటు ఒక్క ఫాస్ఫేటు లెక్కనే అనుసరించదని చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రదర్శన లేదు.

రంగు వేసి చూడాలనుకుంటే, డిఫ్తీరియా బ్యాక్టీరియాకు వేసే ఆల్బర్ట్ స్టెయిన్ అందరికీ పరిచితమే. ఆకుపచ్చని కణాల కొసల్లో నల్లగా కనబడే రేణువులు పాలీఫాస్ఫేటువే. కానీ ఈ. కోలైలో రేణువులు చిన్నవి, కనబడకపోయినంత మాత్రాన లేవనుకోకూడదు. ఫ్లోరోమీటరు ఉంటే డాపీ రంగు మేలు: డీఎన్ఏకు అంటుకున్న డాపీ నీలంగా వెలిగితే, పాలీఫాస్ఫేటుకు అంటుకున్నది పసుపు వైపు జరుగుతుంది, 415 నానోమీటర్ల కాంతి ఇచ్చి 550 దగ్గర చదివితే డీఎన్ఏ ప్రభావం చాలావరకు తప్పుతుంది. ఏ పద్ధతిలోనైనా పీపీకే లేని రకం పక్కన ఉండాలి. ఆ రకంలో వచ్చిన రీడింగే మీకు సున్నా. ఖచ్చితమైన అంకె కావాలంటే కణాలను గ్వానిడిన్ థయోసయనేటుతో కరిగించి, సిలికా కాలమ్ మీద పాలీఫాస్ఫేటును పట్టి, ఈస్టు ఎక్సోపాలీఫాస్ఫటేజుతో విడగొట్టి, బయటపడిన ఫాస్ఫేటును మాలిబ్డేటు పద్ధతిలో కొలవాలి. ఆమ్లంలో మరిగించి కొలిచే సులువు దారిలో ఏటీపీ వంటి వాటి ఫాస్ఫేటు కూడా కలిసిపోతుంది, దాన్ని నేను సిఫారసు చేయను.

ఆర్‌ఎన్‌ఏ కొలవాలనుకునేవారికి

ఆర్‌ఎన్‌ఏ పరిమాణాన్ని కొలిచే క్యూపీసీఆర్ సదుపాయం ఉంటే ఫో-ఏ, పీఎస్‌టీ-ఎస్ జన్యువుల ఆర్‌ఎన్‌ఏను కొలిస్తే స్విచ్ పడడం, ఆగడం రెండూ నిమిషాల లెక్కన కనబడతాయి, ఎందుకంటే బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ సగం ఆయుష్షు కొద్ది నిమిషాలే. అదే కారణంగా నమూనా తీసిన క్షణంలోనే దాన్ని స్థిరపరిచే ద్రావణంలో వేయాలి. సెంట్రిఫ్యూజు దాకా మోసుకెళ్లే లోపే అది మారిపోతుంది. పోలికకు రైబోజోములోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏను వాడవద్దు, ఆకలి కాలంలో రైబోజోములే విడిపోతాయి. సీవైఎస్-జీ, హెచ్‌సీఏ-టీ, ఐడీఎన్-టీ వంటి జన్యువులు మేలు. పీపీకే ఆర్‌ఎన్‌ఏను మాత్రం నిల్వకు కొలమానంగా తీసుకోవద్దు. ఈ. కోలైలో పాలీఫాస్ఫేటు ఎంత పెరిగిందో పీపీకే ఆర్‌ఎన్‌ఏ చెప్పదు. అక్కడ అదుపు చాలావరకు తయారైన ఎంజైముల స్థాయిలో జరుగుతుంది. పోషక కరువులో పుట్టే పీపీజీపీపీ అనే సంకేత అణువు ఎక్సోపాలీఫాస్ఫటేజును అడ్డుకోవడం వల్లనే నిల్వ పెరుగుతుందని 1997 నుంచి చెప్పుకున్నారు. ఆ అణువును తయారు చేయలేని రకాల్లోనూ పాలీఫాస్ఫేటు పేరుకుంటుందని తరువాతి పరిశోధనలో తేలింది. కాబట్టి నిల్వను నేరుగా కొలవండి, జన్యువును బట్టి ఊహించవద్దు.

ఫో-యూ లేని రకంతో పనిచేసేవారికి ఒక జాగ్రత్త. ఆ లోపం కణానికి భారం, అందుకే పెంచే కొద్దీ పీఎస్‌టీలోనో ఫో-ఆర్, ఫో-బీలలోనో మరో మార్పు వచ్చిన కణాలు పైచేయి సాధిస్తాయి. ప్రతి ప్రయోగానికి ముందు ఆ రకాన్ని బీసీఐపీ (ఆల్కలైన్ ఫాస్ఫటేజు కోస్తే నీలంగా మారే పదార్థం) కలిపిన ఎల్‌బీ ప్లేటు మీద గీసి రాత్రంతా ఉంచండి. స్విచ్ వేసి ఉన్న కాలనీలు నీలంగా, మూల రకపు కాలనీలు తెల్లగా వస్తాయి. ఫో-యూ లేని రకంలో నీలం కాలనీల నడుమ తెల్లనివి కనబడితే స్విచ్ భాగాల్లో ఏదో పోయిందని అర్థం. పీఎస్‌టీలో వచ్చిన మార్పు మాత్రం నీలంగానే ఉండి కంటికి దొరకదు కనుక, ముఖ్యమైన ఫలితం వచ్చిన కాలనీలో ఆ జన్యువుల వరుస చదివించుకోవాలి. తెల్ల కాలనీలు కనబడిన ప్లేటును పక్కన పెట్టి, గ్లిసరాల్ స్టాకు నుంచి కొత్తగా గీసుకుని మొదలుపెట్టాలి.